మొక్కుబడిగా చూడకండి

తెలుగులో 'మొక్కుబడి' అని ఒక మాట ఉంది. ఇవాళ దాన్ని మనం ఎలా వాడుతున్నామో గమనించండి. హోంవర్కు మొక్కుబడిగా చేశావని అమ్మ కోప్పడుతుంది. మీటింగు మొక్కుబడిగా జరిగిందని నాన్న ఆఫీసు నుంచి వచ్చి చెబుతారు. మనసు పెట్టకుండా, చేశామనిపించుకోవడానికి చేసే పని అని దాని అర్థం. కానీ ఆ మాట పుట్టింది అలా కాదు. దేవుడికి మొక్కుకున్నది చెల్లించడమే మొక్కుబడి. జ్వరం తగ్గితే, బిడ్డ పుడితే, పంట ఇంటికి చేరితే ఇస్తామన్నది ఇచ్చి తీరడం. ఎగ్గొట్టడానికి వీల్లేని బాకీ అది. అంత గట్టి మాట ఎప్పుడు ఎలా పలచబడిందో గానీ, పలచబడింది.

ఈ మాట మాకు ఒక మ్యూజియంలో గుర్తుకొచ్చింది. రాయపూర్‌లో కాదు. ఇక్కడికి రాకముందు మాలో కొందరం చదివిన ఇంకో ఊళ్ళో. స్కూలు బస్సులో తీసుకెళ్ళారు. వంద మందికి పైగా పిల్లలం. లోపల ఉన్నది నలభై అయిదు నిమిషాలు. పది విగ్రహాల పేర్లు రాసుకుని రావాలి, తర్వాత రిపోర్టు ఇవ్వాలి. అందరం గాజు పెట్టెల ముందు వరసగా నిలబడి పేరు, శతాబ్దం రాసుకున్నాం. రాసుకుంటూ ఉంటే మాలో ఒకరి తమ్ముడు ఒక అమ్మవారి విగ్రహం కింద పీఠం మీదకి వేలు చూపించి, "ఈ చిన్న మనిషి ఎవరు?" అని అడిగాడు. నిజమే, అక్కడ బెత్తెడు కూడా లేని ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించి ఉన్నాడు. పక్కనున్న చీటీలో అమ్మవారి పేరు ఉంది, రాయి రకం ఉంది, శతాబ్దం ఉంది. ఆ మనిషి గురించి ఒక్క ముక్క లేదు. ఈలోగా విజిల్ వేశారు. బస్సెక్కాం.

ఆ చిన్న మనిషి ఆ విగ్రహాన్ని చేయించి ఇచ్చిన మనిషి అయి ఉండవచ్చునని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అంటే మేము చూసింది ఒకరి మొక్కుబడిని. చూసిన తీరు మాత్రం ఇవాళ్టి అర్థంలో మొక్కుబడి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే. మ్యూజియంలో రాళ్ళను చూసేటప్పుడు పైనున్న దేవతతో పాటు కింద ఉన్న మనిషిని కూడా చూడాలి. ఆ మనిషి ఎవరు, ఏ ఊరు, ఏం కావాలని అడిగారు, ఆ రాయి ఇక్కడికి ఎలా వచ్చింది అని అడగాలి. ఇది అందరికన్నా మనలాంటి బదిలీ ఉద్యోగుల పిల్లలకు ఎక్కువ అవసరమని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ముందు కాస్త దూరం వెళ్దాం. గ్రీసు దేశం.

సుమారు 2,500 ఏళ్ళ కిందట ఏథెన్స్ చుట్టుపక్కల జనం తమ దేవతలకు పాలరాతి పలకలు చెక్కించి ఇచ్చేవారు. గుడి ఆవరణలో ఒక రాతి స్తంభం మీద ఆ పలకను నిలబెట్టేవారు. ఇవాళ మనకు తెల్లగా కనిపించే ఆ పలకలకు అప్పట్లో రంగులు వేసేవారు. చాలావాటి మీద బొమ్మ ఒకే పద్ధతిలో ఉంటుంది. ఒక పక్కన దేవత. ఎదురుగా ఇంటిల్లిపాదీ నడిచి వస్తూ ఉంటారు. దేవత నిలువెత్తుగా ఉంటే మనుషులు ఆమె భుజం దాకా కూడా రారు. పెద్దవాళ్ళు కుడిచెయ్యి పైకెత్తి మొక్కుతారు. మనం రెండు చేతులు జోడిస్తాం, వాళ్ళు ఒక చెయ్యి ఎత్తుతారు, అంతే తేడా.

ఏథెన్స్ అక్రోపోలిస్ కొండ మీద దొరికిన ఒక పలకలో ఎథీనా దేవి ముందుకు ఒక కుటుంబం వస్తోంది. తల్లి, తండ్రి, పిల్లలు. వాళ్ళతో బలి ఇవ్వడానికి తెచ్చిన పంది కూడా ఉంది. ఇది క్రీస్తు పూర్వం 490 ప్రాంతంలోది అంటారు. మన ఊళ్ళల్లో జాతరకు కోడినో మేకనో పట్టుకుని పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళే కుటుంబాన్ని చూసిన వాళ్ళెవరికైనా ఆ పలక అర్థం కావడానికి గైడు అక్కర్లేదు.

ఏథెన్స్‌కు తూర్పున సముద్రం దగ్గర బ్రారాన్ అనే చోట ఆర్టెమిస్ దేవి గుడి ఉండేది. పిల్లల్ని, బాలింతల్ని కాపాడే తల్లి ఆమె. ఏథెన్స్ ఇళ్ళ చిన్నపిల్లలు కొందరు అక్కడ ఆమె సేవలో ఉండేవారు. వాళ్ళను 'ఎలుగుబంటి పిల్లలు' అనేవారు. ఆ గుడిలో దొరికిన ఒక పలక క్రీస్తు పూర్వం 4వ శతాబ్దిది. బలిపీఠం పక్కన దేవి నిలబడి ఉంది. ఎద్దును తోలుకుంటూ పెద్దలు, పిల్లలు వస్తున్నారు. అందరికన్నా వెనక ఒక పనిమనిషి నెత్తిన పెద్ద పెట్టె పెట్టుకుని నడుస్తోంది. పైన రాత ఉంది. థొరాయ్ ఊరి అంటిఫాటెస్ భార్య అరిస్టొనీకె మొక్కుకుని ఆర్టెమిస్‌కు సమర్పించింది అని దాని సారం. ఏం మొక్కుకుందో చెప్పలేదు. కానీ బొమ్మలో పిల్లలు ఉన్నారు. పిల్లల్ని కాపాడే దేవి దగ్గరికి పిల్లల్ని తీసుకుని వచ్చిన తల్లి ఏం అడిగి ఉంటుందో ఊహించడం కష్టమా?

మాకు అన్నిటికన్నా నచ్చినది మూడోది. ఇది క్రీస్తు పూర్వం 5వ శతాబ్ది చివరిది. ఇప్పుడు ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. క్సెనొక్రాటియా అనే ఆవిడ కెఫిసోస్ అనే నదికి గుడి కట్టించి ఈ పలక ఇచ్చింది. పలక నిండా దేవుళ్ళు, దేవతలు. మధ్యలో ఆమె, ఆమె ముందు చిన్న కొడుకు. ఆ పిల్లవాడు ఎదురుగా ఉన్న దేవుడి వైపు చెయ్యి పైకి చాపుతున్నాడు. రాతలో ఆమె తన పేరు, కొడుకు పేరు, ఊరి పేరు చెప్పి, ఈ కానుక ఎందుకో కూడా చెప్పింది. అక్కడ వాడిన గ్రీకు మాటకు 'బోధన' అని అర్థం. పిల్లవాడి చదువు కోసం తల్లి మొక్కుకుందని చాలామంది పండితులు అంటారు. పదో తరగతి పరీక్షలకు ముందు మన అమ్మలు ఎన్ని గుళ్ళ చుట్టూ ప్రదక్షిణలు చేశారో తలచుకోండి. 2,400 ఏళ్ళలో తల్లులు ఏమీ మారలేదు.

గ్రీసు ఎందుకు, మన ఇంట్లో ఏం తక్కువ అంటారా? ఏమీ తక్కువ లేదు. తిరుమలకు వెళ్ళిన ప్రతి తెలుగువాడూ మహాద్వారం దాటగానే కుడివైపు మంటపంలో నిలబడి ఉన్న మూడు లోహ విగ్రహాలను దాటుకునే వెళ్ళాడు. శ్రీకృష్ణదేవరాయలు, ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి. రాజ్యం ఏలిన మనిషి అక్కడ చేతులు జోడించి నిలబడ్డాడు. క్యూ తోసుకుంటూ పోవడంలో మనం ఎంతమందిమి ఆగి చూశాం?

రాయలు రాజు, ఆయన సంగతి పుస్తకాల్లో ఉంటుంది. అమరావతికి వెళ్తే మామూలు మనుషులు దొరుకుతారు. అక్కడి బౌద్ధ స్తూపాన్ని ఏ ఒక్క రాజో కట్టించి ఊరుకోలేదు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు, చేతిపనివాళ్ళు తలా ఒక పలకో స్తంభమో ఇచ్చారు, ఇచ్చి పేరు చెక్కించారు. పూర్ణకుంభం చెక్కిన ఒక పలక మీద చర్మకారుడైన విధికుడి పేరు ఉంది. ఆయన నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, బంధుమిత్రులతో కలిసి ఇస్తున్నానని రాయించాడు. కొడుక్కి తాత పేరు పెట్టుకున్నాడని కూడా మనకు అందులోనే తెలుస్తుంది. తోలు పని చేసుకునే ఒక మనిషి ఇంటిల్లిపాదీ పేరు చెప్పుకుని సుమారు రెండు వేల ఏళ్ళు నిలబడ్డాడు. మన చరిత్ర పుస్తకంలో ఆ కాలానికి రాజుల పేర్లు నాలుగు ఉంటాయి. విధికుడి పేరు ఉండదు. ఆ పేరు రాయి మీదే ఉంది. పైనున్న కుంభం చూసి ముందుకు వెళ్ళిపోయిన వాళ్ళకు అది దక్కదు.

అదే అమరావతి పలకల్లో మొక్కుతున్న ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఖాళీ ఆసనం, దాని ముందు బుద్ధుడి పాదాలు. బుద్ధుడు కనపడడు. నలుగురు స్త్రీలు ఆ పాదాల చుట్టూ వంగి, ఒకరు నేలకు తల ఆనించి, మొక్కుతున్నారు. దేవుణ్ణి చెక్కకుండా భక్తిని మాత్రమే చెక్కిన శిల్పం అది.

నాగార్జునకొండలో ఒక తల్లి దేవత శిల్పం దొరికింది. దాని మీద ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుడి రాణి, మహాదేవి ఖండువుల పేరు ఉంది. ఆ రాతలో ఆమె తన గురించి చెప్పుకున్నవి ముఖ్యంగా రెండు. భర్త బతికి ఉన్నాడు, కొడుకు బతికి ఉన్నాడు. రాణి అయినా సరే, దేవత ముందు ఆమె చెప్పుకున్న సంపద అదే. పసుపు కుంకుమ, పిల్లలు చల్లగా ఉండాలని మన అమ్మమ్మలు పేరంటంలో కోరుకునేది ఇదే కదా. గ్రీసులో అరిస్టొనీకె, కృష్ణా తీరంలో ఖండువుల. వాళ్ళిద్దరూ ఒకరి మాట ఒకరు వినలేదు. కానీ ఒకే వరండాలో కూర్చోబెడితే మాట్లాడుకునే వాళ్ళేమో అనిపిస్తుంది.

ఇప్పుడు రాయపూర్‌కు వద్దాం. మనం ఉన్న ఊరు.

ఇక్కడ సివిల్ లైన్స్‌లో మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయం ఉంది. రాజ్‌నంద్‌గావ్ సంస్థానాన్ని ఏలిన మహంత్ ఘాసీదాస్ 1875లో స్థాపించింది. దేశంలో పాత మ్యూజియంలలో ఒకటి. ఇప్పుడున్న కొత్త భవనాన్ని ఆ ఇంటివారే, రాణి జ్యోతి, ఆమె కొడుకు దిగ్విజయ్ దాస్, ఇచ్చిన విరాళంతో కట్టారు. 1953లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అంటే కానుకలను దాచిపెట్టిన ఆ భవనం కూడా ఒక తల్లీ కొడుకులు ఇచ్చిన కానుకే.

అందులో సిర్‌పూర్ నుంచి వచ్చిన శాసనం ఒకటి ఉంది. సిర్‌పూర్ మహానది ఒడ్డున ఉంది, స్కూలు పిక్నిక్‌లకు మనలో చాలామంది వెళ్ళిన ఊరే. అక్కడి ఇటుకల లక్ష్మణ గుడి ముందు ఫొటో దిగని వాళ్ళు తక్కువ. ఆ గుడిని కట్టించింది వాసటా రాణి. ఆమె మగధ రాజు సూర్యవర్మ కూతురు, దక్షిణ కోసలకు కోడలిగా వచ్చింది. భర్త హర్షగుప్తుడు చనిపోయాక ఆయన పుణ్యం కోసం విష్ణువుకు ఈ గుడి కట్టించింది. అప్పటికి రాజు ఆమె కొడుకు మహాశివగుప్త బాలార్జునుడు. గుడి నడవడానికి, మరమ్మతులకు, అన్నం పెట్టడానికి కొన్ని ఊళ్ళు రాసిచ్చింది. గుడి పేరు చూస్తే లక్ష్మణుడిది. నిజానికి అది ఒక భార్య దుఃఖం. ఆ సంగతి చెప్పే రాయి గుడి దగ్గర లేదు, రాయపూర్ మ్యూజియంలో ఉంది. గుడి దగ్గర ఫొటో దిగి వచ్చిన మనకు ఆ రాయి పక్క రోడ్డులోనే ఉందని తెలియలేదు.

బస్తర్ వైపు వెళ్తే మొక్కులు ఇవాళ్టికీ మట్టితో, లోహంతో తయారవుతున్నాయి. కుమ్మరులు చేసే మట్టి గుర్రాలు, ఏనుగులు కొనుక్కెళ్ళి మాతాగుడి దగ్గర పెడతారు. బజారులో మనం డ్రాయింగు రూములో పెట్టుకోవడానికి బేరమాడి కొనే ఏనుగు అక్కడ ఒకరి మాట నిలబెట్టుకోవడం. మన మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు మనిషి ఎత్తు బెల్లం తూచి ఇచ్చి దాన్ని 'బంగారం' అంటారు. ఆ జాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా భక్తులు వస్తారు. రాయి, మట్టి, బెల్లం, వస్తువు ఏదైనా వెనకున్న మాట ఒకటే.

దంతేవాడ దంతేశ్వరి అమ్మవారి కథ తెలుగు పిల్లలందరూ వినాలి. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు అడవుల్లోకి వచ్చి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశం చెప్పుకునే చరిత్ర. ఆ వెంట వచ్చిన కథ ఇది. అమ్మవారు అతనితో, నువ్వు ముందు నడు, నేను నీ వెనక వస్తాను, నా అందెల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, వెనక్కి మాత్రం తిరిగి చూడకు అందట. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసుకలో ఆమె పాదం కూరుకుపోయి అందెల చప్పుడు ఆగింది. అతను వెనక్కి తిరిగి చూశాడు. అమ్మవారు అక్కడే ఉండిపోయింది. కథే కావచ్చు. కానీ దేవతకు కూడా బదిలీ ఉందని, ఆమె కూడా తెలుగు నేల నుంచి ఇటే వచ్చిందని విన్నప్పుడు మాకు ఈ రాష్ట్రం కాస్త మనది అనిపించింది.

బదిలీ దగ్గరికే వచ్చాం కాబట్టి అసలు మాటలోకి వెళ్తాం.

మనకు ఊరు మారడం అంటే ఏమిటో బాగా తెలుసు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఆర్డరు వస్తుంది. సామాను పెట్టెల్లోకి వెళ్తుంది, ప్రతి పెట్టె మీద స్కెచ్ పెన్నుతో లోపలేముందో రాస్తాం. స్కూల్లో టి.సి. తీసుకుంటాం. ఆ కాగితం మీద మన పేరు, అమ్మానాన్నల పేర్లు, ఎక్కడి నుంచి వచ్చాం, ఎప్పుడు చేరాం, ఎందుకు వెళ్ళిపోతున్నాం అన్నీ ఉంటాయి. ఆ కాగితం లేకపోతే కొత్త స్కూలు గేటు దగ్గరే ఆపేస్తారు. మ్యూజియంలో ఉన్న రాళ్ళన్నీ మనలాంటివే. ఒక్కటీ అక్కడ పుట్టలేదు. అన్నీ ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చినవే. మరి వాటి టి.సి. ఏది?

రెండు బదిలీలు చూడండి. అమరావతి స్తూపం రాళ్ళను 18వ శతాబ్ది చివర కొత్త కట్టడాల కోసం పెకలించడం మొదలైంది. కొన్నిటిని సున్నం కోసం కాల్చారు. కల్నల్ కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, చాలాకాలం ఎండకూ వానకూ బయటే పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. అవి పల్నాడు సున్నపురాయి, పాలరాయి కాదు. అయినా ఇంగ్లీషువాళ్ళు వాటిని 'అమరావతి పాలరాళ్ళు' అని పిలిచారు. ఊరితో పాటు పేరు కూడా మారింది. ఇవాళ వందకు పైగా ముక్కలు బ్రిటిష్ మ్యూజియంలో, పెద్ద భాగం చెన్నై మ్యూజియంలో, కొన్ని అమరావతిలో ఉన్నాయి. మొదట తీసినప్పుడు ఏది ఎక్కడుందో సరిగ్గా రాసుకోకపోవడం వల్ల ఏ పలక పక్కన ఏ పలక ఉండేదో తేల్చడానికి పండితులు ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు. ఒక ఇంటి అన్నదమ్ములను మూడు ఊళ్ళకు పంపి అడ్రసులు పోగొట్టినట్టు ఉంది ఇది.

నాగార్జునకొండ కథ వేరు. నాగార్జునసాగర్ డ్యాముకు 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. అందుకని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్ళు లోయంతా తవ్వి, కొలిచి, రాసుకున్నారు. కొన్ని కట్టడాలను కొండ మీదికి, కొన్నిటిని అనుపు దగ్గరికి తరలించి మళ్ళీ కట్టారు. కొండ ఇప్పుడు దీవి. లాంచీలో వెళ్ళి మ్యూజియం చూసి రావచ్చు. అక్కడా లోయ పోయింది, ఊళ్ళు పోయాయి, ఆ నష్టం చిన్నది కాదు. కానీ ఏ రాయి ఎక్కడిదో కాగితం మీద ఉంది. ఖండువుల రాణి పేరు ఆమె శిల్పంతోనే ఉంది.

అందుచేత బదిలీ దానంతట అదే చెడ్డది కాదు. కాగితం లేని బదిలీ చెడ్డది. ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరి పిల్లలో తెలియకుండా పోవడం చెడ్డది. ఇది రాళ్ళకూ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది.

మా మాట అందరికీ నచ్చకపోవచ్చు. మా స్నేహితులే కొందరు కాదన్నారు. వాళ్ళ అభ్యంతరాలు కూడా రాస్తున్నాం.

ఒకటి, మొక్కులు మూఢనమ్మకం, వాటి గురించి స్కూలు పత్రికలో ఎందుకు అన్నారు. మొక్కితే జ్వరం తగ్గుతుందని మేము చెప్పడం లేదు. జ్వరానికి మందు వేసుకోవాలి. బలులు మళ్ళీ ఇవ్వాలని కూడా చెప్పడం లేదు. మేము చెప్పేది, మనుషులు దేనికి భయపడ్డారో, దేన్ని ప్రేమించారో తెలుసుకోవడానికి వాళ్ళ మొక్కులకన్నా నమ్మదగిన సాక్ష్యం తక్కువ అని. యుద్ధం గెలిచిన రాజు తన గొప్ప తాను చెక్కిస్తాడు. బిడ్డ కోసం మొక్కిన తల్లి గొప్పలు చెప్పుకోదు.

రెండు, ఇది సిలబస్‌లో లేదు, మార్కులు రావు అన్నారు. దీనికి మా దగ్గర పెద్ద జవాబు లేదు. మార్కులు రావు, నిజమే. క్సెనొక్రాటియా కొడుకు పెద్దయ్యాక ఏమయ్యాడో మనకు తెలియదు. వాడికి ఎన్ని మార్కులు వచ్చాయో అంతకన్నా తెలియదు. వాడి చదువు కోసం అమ్మ పడ్డ తపన మాత్రం రాయి మీద నిలిచింది.

మూడు, లండన్‌లో ఉన్నవన్నీ వెనక్కి రావాలి, అది చెప్పకుండా చీటీల గురించి మాట్లాడతారేం అన్నారు. ఈ ప్రశ్నలో బలం ఉంది. విధికుడి ఊరివాళ్ళు తమ తాతల కానుక చూడటానికి వీసా తీసుకోవలసి రావడం న్యాయం కాదని మేమూ అనుకుంటున్నాం. అయితే అది ప్రభుత్వాలు తేల్చవలసిన పని, మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. పక్క రోడ్డులో ఉన్న రాయిని సరిగ్గా చూడటం. ఇంటి దగ్గరున్న వాసటను పట్టించుకోకుండా లండన్‌లో ఉన్న విధికుడి తోటివాళ్ళ కోసం కేకలు వేస్తే ఆ కేకలు కూడా మొక్కుబడే.

కాబట్టి మేము కోరేవి మూడే.

మొదటిది మన ఉపాధ్యాయులను. మ్యూజియంకు తీసుకెళ్ళినప్పుడు పది పేర్లు రాయమనకండి. ఇద్దరికి ఒక రాయి చొప్పున ఇవ్వండి. అరగంట దాని ముందే కూర్చోనివ్వండి. బొమ్మ గీయమనండి. పీఠం మీద, మూలల్లో, వెనక వైపు ఎవరున్నారో వెతకమనండి. తిరిగి వచ్చాక ఆ ఒక్క రాయి గురించి ప్రార్థనా సమావేశంలో రెండు నిమిషాలు చెప్పించండి. నలభై జంటలు ఉంటే నలభై రాళ్ళ కథ స్కూలంతా వింటుంది.

రెండోది మ్యూజియంలను, ఒక్క రాయపూర్‌దనే కాదు, అన్నిటినీ. విగ్రహం పక్కనుండే చీటీలో ఇంకో రెండు వాక్యాలకు చోటివ్వండి. ఇచ్చిన మనిషి తెలిస్తే ఎవరో, ఈ రాయి ఏ ఊరి నుంచి ఏ సంవత్సరం వచ్చిందో. అది రాతికి టి.సి. ఆ రెండు వాక్యాలు స్థానిక భాషలో కూడా ఉంటే, ఇక్కడ ఛత్తీస్‌గఢీలో ఉంటే, సిర్‌పూర్ నుంచి వచ్చిన ముసలమ్మ కూడా తన ఊరి రాయిని గుర్తుపడుతుంది.

మూడోది మనల్నే. మనం చదివిన ప్రతి ఊళ్ళో ఒక మ్యూజియం గానీ, ఒక పాత గుడి గానీ, ఒక శాసనం గానీ ఉంటుంది. బదిలీ ఆర్డరు వచ్చేలోపు ఆ ఊరి రాయిని ఒక్కటి తెలుసుకుందాం. ఒక నోటుపుస్తకం పెట్టుకుందాం, ఊరికో పేజీ. పైన రాయి బొమ్మ, కింద దాన్ని ఇచ్చిన మనిషి పేరు. ఇంటర్ అయ్యేసరికి మనలో చాలామందికి అయిదారు పేజీలు నిండుతాయి. మీ ఊరేది అని ఎవరైనా అడిగితే మనం తడబడతాం కదా, అప్పుడు ఆ పుస్తకం చూపించవచ్చు.

ఈ వ్యాసం రాయడానికి ముందు మేము నలుగురం ఒక ఆదివారం రాయపూర్ మ్యూజియంకు వెళ్ళాం. వాసటా రాణి శాసనం ముందు నిలబడ్డాం. ఆ లిపి మాకు చదవడం రాలేదు. ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయాం. అయినా అది ఎవరు, ఎవరి కోసం రాయించారో తెలిసి నిలబడటం వేరుగా ఉంది. పేరు తెలిసిన మనిషి ఇంటికి వెళ్ళినట్టు ఉంది. మాలో ఇద్దరి నాన్నలకు ఈ ఏడాది బదిలీ రావచ్చు. విశాఖో, నాగపూరో, ఇంకెక్కడో. వెళ్ళేలోపు సిర్‌పూర్ మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నాం. ఈసారి గుడి ముందు ఫొటో తర్వాత దిగుతాం. ముందు ఆ గుడి ఎవరి కోసం కట్టారో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెబుతాం.

అది మా మొక్కు. మొక్కుబడిగా కాకుండా తీర్చుకుంటాం.